బండలో ఉన్నది గ్యాసా, ద్రవమా? లెక్క అక్కడే మొదలవుతుంది

తమ్ముడూ, నీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. ఇంట్లో వాడే 14.2 కేజీల గ్యాస్ బండకి పీవీ = ఎంఆర్‌టీ (గ్యాస్ పీడనం, ఘనపరిమాణం, బరువు, టెంపరేచర్‌లను కలిపే సూత్రం) వేస్తే ప్రెషర్ 244 బార్ వచ్చింది, ఆ బండని టెస్ట్ చేసేదే సుమారు 25 బార్ దగ్గరట కదా, మరి తప్పెక్కడ అని అడిగావు. రెండోది, ఫ్యూయల్స్ చాప్టర్‌లో హయ్యర్, లోయర్ అని రెండు కెలోరిఫిక్ వాల్యూలు (కేజీ ఇంధనం మండితే వచ్చే వేడి) ఎందుకు, లెక్కలో ఏది వాడాలి అని. మూడోది, సీఎన్‌జీ (ఒత్తి నింపిన సహజవాయువు) ఆటోకి అంత బరువైన సిలిండర్ ఎందుకు, వంటగ్యాస్ బండలోనే సీఎన్‌జీ నింపుకుంటే పోదా అని. మొదటిది తేలితే మూడోది సగం తేలిపోతుంది, కాబట్టి దాని మీద కాస్త ఎక్కువ సేపు కూర్చుందాం.

నీ గుణకారంలో తప్పు లేదు. నేనూ వేసి చూశాను. వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్ మాలిక్యులర్ వెయిట్ 44, కాబట్టి ఆర్ విలువ 8.314ని 44తో భాగిస్తే 0.189. బండ లోపలి ఖాళీ 33.3 లీటర్లు, టెంపరేచర్ 30 డిగ్రీలు అంటే 303 కెల్విన్. 14.2ని 0.189తో, 303తో గుణించి 0.0333తో భాగిస్తే 24,400 కిలోపాస్కల్ వస్తుంది. అంటే 244 బార్. డిగ్రీలను కెల్విన్‌లోకి మార్చావు, లీటర్లను ఘనపు మీటర్లలోకి మార్చావు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, నువ్వు తినలేదు.

తప్పు అంతకంటే ముందు జరిగింది. లోపల ఉన్నదంతా గ్యాసే అనుకున్నావు. ఎల్పీజీ అనే పేరులోనే లిక్విఫైడ్ అనే మాట ఉంది. నిండు బండని కాస్త ఊపి చూడు, లోపల నీళ్లలా కదలడం చేతికి తెలుస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఆ ద్రవం లీటరుకి సుమారు 540 గ్రాములు తూగుతుంది. అంటే 14.2 కేజీలు 26 లీటర్లకు పైగా ఆక్రమిస్తాయి. పైన మిగిలేది 7 లీటర్ల జాగా. ఆ 7 లీటర్లలో మాత్రమే గ్యాస్ ఉంటుంది. దానికి నీ సూత్రం వేసుకో, ప్రెషర్ 7 బార్ అనుకుంటే ఆ గ్యాస్ బరువు 100 గ్రాములకు అటూఇటూగా వస్తుంది. 14 కేజీల 200 గ్రాముల్లో 100 గ్రాములు! నువ్వు ఆ 100 గ్రాములకు వేయాల్సిన సూత్రాన్ని మొత్తం సరుక్కి వేశావు.

మరి ఆ 7 బార్ ఎక్కడి నుంచి వచ్చింది? అది ఆవిరి పీడనం. ద్రవం, దాని ఆవిరి ఒకే పాత్రలో కలిసి ఉన్నంతసేపూ పీడనాన్ని నిర్ణయించేది ఎంత సరుకు ఉందన్నది కాదు, ఎంత వేడిగా ఉందన్నది. 30 డిగ్రీల దగ్గర ఒట్టి ప్రొపేన్ అయితే దాదాపు 10.8 బార్, ఒట్టి బ్యూటేన్ అయితే 2.8 బార్. మన వంటగ్యాస్ ఈ రెండింటి మిశ్రమం కాబట్టి పీడనం ఆ రెండింటి మధ్యలో ఉంటుంది. బండలో 14 కేజీలున్నా 4 కేజీలున్నా ఇది పెద్దగా మారదు. గిబ్స్ ఫేజ్ రూల్ చదివే ఉంటావు. అందులో కాంపోనెంట్లు (ప్రొపేన్, బ్యూటేన్) రెండు, ఫేజులు (ద్రవం, ఆవిరి) రెండు వేస్తే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే మన ఇష్టప్రకారం మార్చగలిగేవి, రెండే మిగులుతాయి. ఒకటి టెంపరేచర్, రెండోది మిశ్రమంలో ఏది ఎంత అన్న పాలు. మొత్తం బరువుకి అక్కడ చోటే లేదు. పరీక్ష కోసం బట్టీపట్టే ఆ చిన్న సూత్రం మన వంటింట్లో రోజూ పని చేస్తోంది.

గ్యాస్ చెప్పాపెట్టకుండా అయిపోయిందని ఇంట్లో అమ్మ విసుక్కోవడం వినే ఉంటావు. దానికి కారణం ఇదే. ద్రవం ఉన్నన్ని రోజులూ మంట ఒకేలా ఉంటుంది. చివరి చుక్క ద్రవం ఆవిరయ్యాక బండలో మిగిలేది 200 గ్రాముల చిల్లర గ్యాస్. అప్పుడు మాత్రమే అది నీ పీవీ = ఎంఆర్‌టీ మాట వింటుంది, వాడే కొద్దీ పీడనం పడిపోతుంది. పెద్ద బర్నర్ మీద అది గంట సేపు కూడా రాదు. అందుకే బండకి ప్రెషర్ గేజ్ పెట్టి ఎంత మిగిలిందో చెప్పలేం, తూకం వేయాల్సిందే. తడిగుడ్డతో బండని పైనుంచి కిందికి తుడిచి, తడి ఎక్కడిదాకా ఆలస్యంగా ఆరుతోందో చూసే చిట్కా కూడా సరైనదే. ద్రవం తగిలి ఉన్న ఇనుము అంత తొందరగా వేడెక్కదు, అక్కడ తడి నిలుస్తుంది.

ఒక సవరణ చెప్పాలి. "పీడనం మారదు" అన్నది పూర్తిగా నిజం కాదు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, బ్యూటేన్ మైనస్ 0.5 దగ్గర. కాబట్టి ముందు ప్రొపేన్ ఎక్కువగా లేచిపోతుంది, అడుగుకు వచ్చేసరికి బ్యూటేన్ పాలు పెరుగుతుంది. లంబసింగిలో పుష్య మాసపు తెల్లవారుజామున టీ బడ్డీ పెట్టేవాళ్ల బాధ ఇదే. బయట చలి సున్నాకి దగ్గరగా వెళితే బ్యూటేన్ ఆవిరి పీడనం బయటి గాలి పీడనానికి సమానం అవుతుంది, ఇక బయటికి రావడానికి తోపు ఉండదు. బండలో సరుకు ఉంటుంది, పొయ్యి మాత్రం మినుకుమినుకుమంటుంది.

ఇప్పుడు ఒక పెళ్లి సంగతి చెప్తాను, ఎందుకంటే థర్మో నాకు నిజంగా అర్థమైంది అక్కడే. డిసెంబర్ నెల, తెల్లవారి నాలుగింటికి మా ఊళ్లో వంటలు. పెద్ద గాడిపొయ్యి పక్కన వేసే ఇనుప స్టాండు బర్నర్‌కి ఒకే ఒక్క 19 కేజీల బండ తగిలించారు. ఉప్మాకి నీళ్లు మరిగేలోపు మంట నీరసించింది. వంటమేస్త్రి బండని పక్కకి పడుకోబెట్టబోతే పరుగెత్తి ఆపాను. పడుకోబెడితే ఆవిరి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది. ఆ ద్రవం బయట పడితే దాదాపు 250 రెట్లు ఉబ్బుతుంది, మంట ఒక్కసారిగా మనిషి ఎత్తు లేస్తుంది. బండ మీద చెయ్యి వేసి చూస్తే పై సగం మామూలుగా ఉంది, కింది సగం మంచు పట్టి తెల్లగా ఉంది. ఆ తెల్లగీత ఎక్కడిదాకా ఉందో ద్రవం అక్కడిదాకా ఉంది, గీసినట్టు.

ఎందుకలా అయింది? ఫస్ట్ లా (శక్తి కొత్తగా పుట్టదు, మాయమవదు) రాయి. ద్రవం ఆవిరి కావాలంటే కేజీకి సుమారు 360 కిలోజౌళ్ల గుప్తోష్ణం కావాలి. ఆ వేడి ఎవరిస్తారు? బయటి గాలి బండ గోడ గుండా ఇవ్వాలి. అది ఇచ్చే వేగం కన్నా నువ్వు గ్యాస్ లాగే వేగం ఎక్కువైతే, మిగతా వేడిని ద్రవం తనలోంచే తీసి ఇచ్చుకుంటుంది, చల్లబడుతుంది. సగం ఖాళీ అయిన 19 కేజీల బండలో 9 కేజీల ద్రవం, 17 కేజీల ఇనుము ఉన్నాయనుకో. ద్రవం విశిష్టోష్ణం 2.6, ఇనుముది 0.5 కిలోజౌళ్లు వేసుకుంటే ఆ రెండూ కలిసి ఒక డిగ్రీ చల్లబడితే 32 కిలోజౌళ్లు వస్తాయి. బయటి నుంచి వేడి అసలు రాకపోతే, ఒక్క కేజీ గ్యాస్ వాడేసరికి బండ 11 డిగ్రీలు చల్లబడాలి. ఆ పొయ్యి గంటకి రెండు కేజీలు తాగుతుంది. డిసెంబర్ చలిలో మొదలుపెట్టింది 18 డిగ్రీల దగ్గర. లెక్క నువ్వే వేసుకో. చల్లబడితే ఆవిరి పీడనం పడుతుంది, పీడనం పడితే మంట పడుతుంది.

ఆ రోజు చేసింది సులువైన పని. ఇంకో రెండు బండలు తెప్పించి మూడూ కలిపి ఒకే గొట్టానికి తగిలించాం. ఒక్కో బండ మీద భారం మూడో వంతుకి తగ్గింది, గాలి తగిలే గోడ మూడింతలు అయింది. హోటళ్లలో బండలను వరసగా పెట్టి ఒకే లైనుకి కలిపేది నిల్వ కోసమే అనుకుంటారు. నిల్వ ఒక కారణం, ఈ వేడి సంగతి అంతకన్నా పెద్ద కారణం. కొందరు బండని మామూలు నీళ్ల తొట్టెలో నిలబెడతారు, అది కూడా వేడి అందించే దారే. సలసల కాగే నీళ్లు పోయడం, కింద మంట పెట్టడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. బండలో 15 నుంచి 20 శాతం జాగా ఖాళీగా వదిలేది వేడికి ద్రవం వ్యాకోచించడానికి. ఆ జాగా కూడా ద్రవంతో నిండిపోతే ఇక పీడనం ఆవిరి పీడనం దగ్గర ఆగదు, బండ పగిలేదాకా పోతుంది.

ఇంట్లో చిన్న బర్నర్ గంటకి 200 గ్రాముల లోపే వాడుతుంది, అంటే సెకనుకి 20 జౌళ్లు, ఒక ఎల్ఈడీ ట్యూబ్‌లైటు పాటి శక్తి. అది గాలి సులభంగా ఇచ్చేస్తుంది. అందుకే ఇంటి బండకి మంచు పట్టదు.

ఇక మూడో ప్రశ్నకి ఇక్కడి నుంచే వెళ్లిపోవచ్చు. సీఎన్‌జీ అంటే ప్రధానంగా మీథేన్. మీథేన్ క్రిటికల్ టెంపరేచర్ మైనస్ 82.6 డిగ్రీలు. తెలుగు మీడియంలో చదివి ఉంటే సందిగ్ధ ఉష్ణోగ్రత అనే పేరుతో ఇది నీకు తెలుసు. దానికన్నా వెచ్చగా ఉన్న గ్యాస్‌ని ఎంత ఒత్తినా ద్రవం కాదు. ప్రొపేన్‌కి ఆ హద్దు 96.7 డిగ్రీలు, బ్యూటేన్‌కి 152. మన వాతావరణం ఎప్పుడూ ఆ రెండింటి కిందే ఉంటుంది, మీథేన్ హద్దుకి ఎంతో పైన ఉంటుంది. మొత్తం తేడా ఇంతే. కాబట్టి ఎల్పీజీ కొద్దిపాటి ఒత్తిడికే ద్రవమై కూర్చుంటుంది, మీథేన్‌ని మాత్రం గ్యాస్‌గానే కుక్కాలి.

వంటగ్యాస్ బండలో 10 బార్ దగ్గర మీథేన్ నింపావనుకో. ఇక్కడ నీ సూత్రం చక్కగా పని చేస్తుంది. 1000 కిలోపాస్కల్, 0.0333 ఘనపు మీటర్లు, ఆర్ విలువ 0.52, 303 కెల్విన్. వచ్చేది 210 గ్రాములు. అదే బండలో 14.2 కేజీల ఎల్పీజీ పట్టేది. 210 గ్రాములతో ఆటో విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి బయల్దేరి ఊరు దాటేలోపే ఆగిపోతుంది. అందుకే 200 బార్, అందుకే అంత మందపు గోడ, అందుకే ఆ బరువు.

200 బార్ దగ్గర నీ సూత్రం మళ్లీ కొంచెం తప్పుతుంది, ఇదీ చూసుకో. 60 లీటర్ల సిలిండర్‌కి పీవీ = ఎంఆర్‌టీ ఇచ్చే సమాధానం 7.6 కేజీలు. నిజంగా పట్టేది 9 కేజీల పైమాటే. అంత దగ్గరగా ఒదిగినప్పుడు మీథేన్ అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, అనుకున్నదానికన్నా తక్కువ జాగాలో సర్దుకుంటాయి. ఆ సవరణకే కంప్రెసిబిలిటీ ఫ్యాక్టర్ జెడ్ అని పేరు, ఇక్కడ అది సుమారు 0.83. జెడ్ చార్ట్ ఎందుకు పెట్టారు సార్ అని క్లాసులో ఎవరైనా అడిగితే ఈ కేజీన్నర తేడా చెప్పు చాలు.

సీఎన్‌జీ డ్రైవర్లు తరచూ చెప్పే మాట ఒకటుంది. బంకులో 200 చూపించిన గేజ్ కాసేపయ్యాక బండి నడపకుండానే దిగిపోతుందని. లీకు కాదది, మోసమూ కాదు. నీ పుస్తకంలో ఓపెన్ సిస్టమ్స్ దగ్గర ఖాళీ ట్యాంకుని లైన్లోంచి నింపే లెక్క ఒకటుంటుంది. లోపలికి వచ్చే గ్యాస్ తన ఎంథాల్పీ (లోపలి శక్తి, దాన్ని లోపలికి తోసే పని కలిపిన మొత్తం) మోసుకొస్తుంది, లోపల చేరాక అదంతా ఇంటర్నల్ ఎనర్జీ అవుతుంది, కాబట్టి ట్యాంకు టెంపరేచర్ లైను టెంపరేచర్‌కి గామా (ఆ గ్యాస్ రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి) రెట్లు. మీథేన్ గామా 1.3, 303 కెల్విన్ పెడితే 394 కెల్విన్, అంటే 121 డిగ్రీలు. గోడ వేడిని లాక్కోవడం వల్ల, ముందే కొంత గ్యాస్ ఉండటం వల్ల నిజానికి అంత వేడెక్కదు, కానీ వేడెక్కడం మాత్రం ఖాయం. చల్లారాక పీడనం దిగుతుంది. సిలిండర్ మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడమని ఆ డ్రైవర్లకు చెప్పు. సీఎన్‌జీలో లోపలంతా గ్యాసే కాబట్టి అక్కడ ప్రెషర్ గేజే ఫ్యూయల్ గేజ్‌గా పనికొస్తుంది. ఎల్పీజీకి పనికిరానిది దీనికి పనికొచ్చింది.

గేజ్ అన్నాను కాబట్టి ఇది కూడా. గేజ్ చూపించేది బయటి గాలి కన్నా ఎంత ఎక్కువ అన్నది మాత్రమే. సూత్రంలో, స్టీమ్ టేబుల్‌లో (ఏ పీడనానికి నీరు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుందో చెప్పే పట్టికలో) పెట్టాల్సింది దానికి ఒక బార్ కలిపాక వచ్చిన అంకె. నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒక మిల్లు బాయిలర్ దగ్గర గేజ్ 10 చూపిస్తే టేబుల్‌లో 10 దగ్గర 180 డిగ్రీలు చదివి రాశాను. నిజానికి అది 11 బార్, 184 డిగ్రీలు. షిఫ్ట్ ఇంజనీర్ ఆ లాగ్‌బుక్ మొత్తం నాతో తిరగరాయించారు. తక్కువ పీడనాల దగ్గర ఈ తప్పు ఇంకా పెద్దదవుతుంది, 1 బార్ గేజ్ అంటే అసలు పీడనం రెట్టింపు కదా.

రెండో ప్రశ్న, కెలోరిఫిక్ వాల్యూ. దీనికి పుస్తకం మూసేసి వంటింట్లోకి వెళ్లు. అడుగు శుభ్రంగా తుడిచిన స్టీలు గిన్నెలో చల్లటి నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టు, వెంటనే కిందికి వంగి చూడు. గిన్నె అడుగు బయటివైపు చెమట పట్టినట్టు సన్నటి నీటి బిందువులు కనిపిస్తాయి. అర నిమిషంలో మాయమవుతాయి. గిన్నె కారడం లేదు. ఆ నీళ్లు మంటలోంచి వచ్చాయి. గ్యాస్‌లో ఉన్న హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరైంది, చల్లటి స్టీలు తగిలి మళ్లీ నీరైంది. అలా నీరైనప్పుడు ఆ ఆవిరి తన గుప్తోష్ణాన్ని గిన్నెకి ఇచ్చేసింది. గిన్నె వేడెక్కాక ఆవిరి నీరు కాకుండానే పైకి పోతుంది, ఆ గుప్తోష్ణం కూడా దాంతో పాటే పోతుంది.

ఆ గుప్తోష్ణం దక్కిందనుకుని లెక్కిస్తే హయ్యర్ వాల్యూ, పోయిందనుకుని లెక్కిస్తే లోయర్ వాల్యూ. అంకెలతో సరిచూసుకో. 16 కేజీల మీథేన్ మండితే 36 కేజీల నీళ్లొస్తాయి, అంటే కేజీకి 2.25 కేజీలు. 25 డిగ్రీల దగ్గర నీటి గుప్తోష్ణం కేజీకి 2.44 మెగాజౌళ్లు. రెండూ గుణిస్తే 5.5. పట్టికలో మీథేన్ హయ్యర్ 55.5, లోయర్ 50.0. తేడా సరిగ్గా 5.5. ప్రొపేన్‌కి నువ్వే చెయ్యి, 44 కేజీలకి 72 కేజీల నీళ్లొస్తాయి. 50.35, 46.35 మధ్య తేడా 4.0 రావాలి. ఒట్టి కార్బన్‌లో హైడ్రోజన్ లేదు కాబట్టి తేడా సున్నా. ఒట్టి హైడ్రోజన్‌కి 142, 120, అన్నింటికన్నా పెద్ద తేడా. బొగ్గులో అయితే ఇంకొకటి కలుస్తుంది, తేమ. వానాకాలంలో తడిసిన సింగరేణి బొగ్గు బాయిలర్‌లో వేస్తే ఆ తడిని ఆవిరి చేయడానికే కొంత వేడి ఖర్చవుతుంది.

లెక్కలో ఏది వాడాలన్నది పొగ ఎంత వేడిగా బయటికి పోతోందన్న దాన్ని బట్టి. ఇంజన్ ఎగ్జాస్ట్ వందల డిగ్రీల్లో ఉంటుంది, అక్కడ నీరు కట్టే అవకాశం లేదు, కాబట్టి ఐసీ ఇంజన్ల లెక్కల్లో లోయర్. ల్యాబ్‌లో బాంబ్ కెలోరీమీటర్ చుట్టూ నీళ్లుంటాయి, ఆవిరి లోపలే నీరైపోతుంది, కాబట్టి అది ఇచ్చేది హయ్యర్. మన దేశంలో బాయిలర్ ఎఫిషియెన్సీని హయ్యర్ వాల్యూ మీద చెప్పడం ఆనవాయితీ, యూరప్‌లో లోయర్ మీద చెప్తారు. అందుకే వాళ్ల కండెన్సింగ్ బాయిలర్ల కరపత్రాల్లో 100 శాతం దాటిన ఎఫిషియెన్సీ కనిపిస్తుంది. ఫస్ట్ లా ఏమీ తప్పలేదు. పొగని చల్లార్చి గుప్తోష్ణం కూడా రాబట్టుకున్నారు, భాగించేటప్పుడు మాత్రం చిన్న అంకెతో భాగించారు. ఎవరైనా ఎఫిషియెన్సీ చెబితే ఏ వాల్యూ మీద అని అడుగు. మీథేన్ విషయంలో ఈ ఒక్క మాటతో సమాధానం పదో వంతు మారుతుంది.

ఇంకొకటి నువ్వు అడగలేదు కానీ, ఇదంతా చదివాక నీకు తెలిసి ఉండాలి. ఒకే టెంపరేచర్, ఒకే పీడనం దగ్గర గ్యాస్ సాంద్రత దాని మాలిక్యులర్ వెయిట్‌ని బట్టే ఉంటుందని పీవీ = ఎంఆర్‌టీ చెప్తుంది. గాలి 29, మీథేన్ 16, ప్రొపేన్ 44, బ్యూటేన్ 58. మీథేన్ లీకైతే పైకి లేస్తుంది. ఎల్పీజీ లీకైతే గాలికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల బరువుతో కిందికి దిగి, నేల మీద నీళ్లలా పాకి, గుంటల్లో, సింకు కింద, మంచం కింద నిలుస్తుంది. గాలిలో రెండు శాతం దగ్గర నుంచే అది అంటుకుంటుంది. కాబట్టి ఎల్పీజీ డిటెక్టర్ నేలకి జానెడు ఎత్తులో ఉండాలి, పైపు గ్యాస్ (అదీ ప్రధానంగా మీథేనే) డిటెక్టర్ సీలింగ్ దగ్గర ఉండాలి. మీ హాస్టల్ మెస్‌లో, మీ ఫ్యూయల్స్ ల్యాబ్‌లో ఏ గ్యాస్ వాడుతున్నారో కనుక్కుని డిటెక్టర్ ఎక్కడ బిగించారో రేపు వెళ్లి చూడు. తప్పు ఎత్తులో ఉంటే ఇదే లెక్క కాగితం మీద రాసి ల్యాబ్ ఇన్‌చార్జ్‌కి ఇవ్వు.